సేపలప్పకి మనిషిని వెతికిన రోజులు

మీకు ఇష్టమైన బొమ్మల కథని ఎవరో టీవీకి తీస్తున్నారని తెలిస్తే చాలు, ఎవరికి ఏ వేషం ఇచ్చారో చూసి "ఈ మొహమా, ఆ వేషానికా" అని ఫోన్లలో యుద్ధాలు చేసుకుంటున్నారు మీరు. చేసుకోండి, నేను తప్పు పట్టను. అలాంటి యుద్ధమే మా బరంపురంలో ఒకసారి పోస్టుకార్డుల మీద జరిగింది. ఆ కార్డులన్నీ వచ్చి పడింది నా బల్ల మీదే. పడాల్సినదీ అక్కడే, ఎందుకంటే తప్పులో సగం నాది.

అప్పట్లో నేను ఒక చిన్న టీవీ కార్యక్రమాల కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఆఫీసు బడాబజారులో ఒక పట్టుచీరల దుకాణం మేడ మీద ఉండేది. ఉద్యోగం పేరు ప్రొడక్షన్ అసిస్టెంటు. అంటే షూటింగుకి ఎడ్లబండి కావాలన్నా నేనే తేవాలి, ఏడ్చే ముసలమ్మ కావాలన్నా నేనే తేవాలి. ఒడియా జాత్రా నాటకాల కంపెనీల్లో, తెలుగు నాటక సమాజాల్లో, బ్యాంకు గుమస్తాల్లో వెతికి వేషాలకి తగిన మనుషుల్ని పట్టుకురావడం నాకు అబ్బిన విద్య. ఆ విద్య చూసుకుని కొంచెం గర్వం కూడా ఉండేది.

మా ఊళ్ళో అచ్చయ్యే ఒక పిల్లల మాసపత్రికలో 'సేపలప్ప' అని బొమ్మల కథ వచ్చేది. తెలుగులో సేపలప్ప, ఒడియాలో మాఛొ అపా. అప్ప అన్నా అపా అన్నా అక్కే కాబట్టి, ఆ ఒక్క మాటతో రెండు భాషలవాళ్ళూ ఆవిణ్ణి ఇంటి ఆడపడుచుని చేసుకున్నారు. పిల్లల పత్రిక అన్న మాటేగాని ఇంట్లో మొదట చదివేది పెద్దవాళ్ళే. అప్ప పొట్టిగా, నల్లగా, గుండ్రంగా ఉండేది. నెత్తిన చేపల గంప, ముక్కుకి రెండువైపులా పుడకలు, నుదుట పెద్ద బొట్టు. పాసింజరు బండిలో ఊరూరూ తిరిగి చేపలమ్ముతూ, తూకంలో దగా చేసేవాణ్ణీ, ముసలివాళ్ళ చేత దొంగ వేలిముద్రలు వేయించేవాణ్ణీ పట్టుకునేది. పట్టుకున్నాక తిట్టేది. ప్రతి నెలా ఆఖరి పేజీలో ఒకటే బొమ్మ, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డ అప్ప. మిగిలిన జాగా అంతా తిట్లే. ఒక్క బూతు ఉండేది కాదు. "ఓరి, నీ తక్కిడిలో రాయి నీకంటే నయంరా, దానికి బరువైనా ఉన్నాది" అనేది. తిట్ల పేజీ కంఠతా వచ్చినవాళ్ళు మా జిల్లాలో ఇంటికి ఒకరుండేవారు. మా ఇంట్లో అది నేనే.

ఆ బొమ్మలు వేసేది ఖల్లికోటలో ఒక డ్రాయింగు మేష్టారు. మా కంపెనీ తరఫున ఆ కథని సీరియల్‌గా తియ్యడానికి అనుమతి అడగబోయినప్పుడు, అప్ప వేషానికి ఎలాంటి మనిషైతే బాగుంటుందని ఆయన్నే అడిగాను. "గీత నా పని, మనిషి మీ పని" అని టీ ఇచ్చి పంపించేశారు.

దర్శకుడు కటకం నుంచి వచ్చిన ఒడియా ఆయన. చాలా తక్కువ మాట్లాడేవాడు. మంచి కబురు చెప్పినా చెడ్డ కబురు చెప్పినా "హఉ, దెఖిబా" అనేవాడు. సరే, చూద్దాం అని. ఆయన ముందుకి నేను ఒక జాత్రా నటిని తీసుకువచ్చాను. బరంపురం తెలుగావిడ. వయసు ముప్పై అయిదు దాకా ఉంటుంది. ఒడియా జాత్రాల్లో రాణి వేషాలు వేసేది. పొడుగ్గా, సన్నగా, హంసలాంటి మెడతో ఉండేది. బొమ్మకీ ఆమెకీ ఎక్కడా పొంతన లేదని నాకూ తెలుసు. కానీ తిట్ల పేజీ ఒకటి చేతికిచ్చి చదవమంటే ఆమె చదివిన తీరుకి, కింద దుకాణంలో చీరలు మడతపెడుతున్న గుమస్తాలు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పైన ఎవరికో మూడిందనుకున్నారట. దర్శకుడు నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. వేషం ఆమెకే అన్నాడు.

ఆమె ఫోటో పత్రికలో వేశారు. వారం తిరక్కుండా కార్డులు మొదలయ్యాయి.

వాటిని నేను కట్టలు కట్టేవాణ్ణి. ఒడ్డూ పొడుగూ గురించి ఒక కట్ట, రంగు గురించి ఒకటి, మెడ గురించి విడిగా ఒకటి. "అప్పకి మెడే లేదు. ఈమెకి మెడ తప్ప ఏమీ లేదు" అని ఇచ్ఛాపురం నుంచి ఒకాయన రాశాడు. "మా అపా చేపలు తినే మనిషి, ఈమె ముల్లు మాత్రమే తిన్నట్టుంది" అని ఛత్రపురం నుంచి ఒక ఒడియా కార్డు. ఒక బడిపంతులు మర్యాదగా, "ఆ నటీమణి మీద మాకు కోపం లేదు, అప్ప గురించే మా బెంగ" అని రాసి, కింద తన తరగతి మొత్తం చేత సంతకాలు పెట్టించాడు.

కార్డులతో ఆగితే సరిపోయేది. ఒకరోజు పొద్దున్నే చిలికా ఒడ్డున ఉన్న రంభ అనే ఊరి నుంచి ఒకావిడ స్వయంగా వచ్చింది. యాభై దాటిన మనిషి, రంభ బజారులో ఎండుచేపల కొట్టు. సేపలప్ప వచ్చిన సంచికలన్నీ వల దారంతో కుట్టి, గుడ్డ అట్ట వేసి, చంకలో పెట్టుకుని వచ్చింది.

"నాను గొడవకి రాలేదు బావూ. ఒక మాట అడగడానికొచ్చినాను. మా అప్పని నువ్వెప్పుడైనా సూసినావా?"

"పుస్తకంలో చూశాను."

"నానూ పుస్తకంలోనే సూసినాను. ఇద్దరం ఒక పుస్తకమే సూసినప్పుడు నీకీ మనిసెలగ కనపడిందో సెప్పు."

గొంతు గురించి చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి కూర్చుంది.

"మా ఆయన పోయినాక కొట్టు మీద కూకోడానికి నాకు సిగ్గేసీది. నల్లగా, లావుగా ఉంటాను గదా, నలుగురూ సూస్తారని. అప్పని సూసి కూకున్నాను. నాలాటి మనిసే బొమ్మయ్యి పుస్తకంలో ఎక్కింది, కొట్టెక్కితే నాకేటని. ఇప్పుడు టీవీలోకొచ్చీసరికి మళ్ళీ సన్నటమ్మలే గావాలేటి మీకు?"

 ఆవిడ వెళ్ళిపోయాక మా యజమాని కార్డుల కట్టల వైపు చూసి, "ఆ మనిషిని తెచ్చింది నువ్వు. ఏం చేస్తావో చెయ్యి. సీరియల్ పోతే మాత్రం నీకు ఇక్కడ పని ఉండదు" అన్నాడు. ఒకపక్క ఆవిడ మాట, ఇంకోపక్క ఈయన మాట. న్యాయం కోసం కదిలానో, ఉద్యోగం కోసం కదిలానో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు.

ఆర్యపల్లి తీరంలో షూటింగుకి జాగా చూడటానికి వెళ్ళినప్పుడు, నెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్న ఆడవాళ్ళలో సేపలప్ప కనిపించింది. అతిశయోక్తి కాదు. అదే ఎత్తు, అదే గుండ్రం, అవే అరమూసిన కళ్ళు. ముక్కుపుడకలు కూడా రెండు. మేష్టారు ఈవిణ్ణి చూడకుండా ఆ బొమ్మ వేశారంటే నమ్మలేకపోయాను. టీవీలో చేస్తావా అని అడిగాను.

"ఏటి సెయ్యాల?"

"నిలబడి ఒకణ్ణి తిట్టాలి."

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. "దానికి నేర్పక్కర్లేదు బాబూ, పుట్టుకతోనే ఒచ్చు" అంది ఒకామె.

దర్శకుడికి చెప్పాను. హఉ, దెఖిబా అన్నాడు. ఆర్యపల్లిలోనే ఒకరోజు ఇద్దరికీ టెస్టు పెడదామన్నాడు. ఆ తర్వాత, ఎప్పుడూ లేనిది, ఇంకో మాట కూడా అన్నాడు. "జాత్రా ఆవిడకి ముందుగా చెప్పు."

చెబుదామని ఆమె ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళేసరికి ఆమె నెత్తిన గంప పెట్టుకుని డాబా మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడక సాధన చేస్తోంది. మంచినీళ్ళు తాగి వచ్చేశాను. రెండోసారి, లావుగా కనిపించాలని నడుముకి పాత చీరలు చుట్టుకుని దర్జీకి కొలతలిస్తోంది. "అన్నయ్యా, ఇంకో చీర సుడితే సరిపోద్దా, సూడండి" అంది. సరిపోతుందన్నాను. వచ్చేశాను.

రంభ ఆవిడకి మాత్రం కార్డు రాశాను, ఫలానా రోజు ఆర్యపల్లి వచ్చి మీరే చూసుకోండని. అంటే ఎదురుతిరిగినవాళ్ళకి కబురు పెట్టి, వేషం పోబోయే మనిషికి చెప్పలేదు. నా ఉద్యోగ జీవితంలో చేసిన తప్పులన్నీ వరసలో నిలబెడితే ముందు నిలబడేది ఇదే.

ఆ రోజు ఎండ బాగా కాసింది. జీపు దిగి, చీరలు చుట్టుకున్న నడుంతో, పుడకలు పెట్టుకుని నటి ఇసకలోకి నడిచి వచ్చింది. ఎదురుగా బోర్లించిన పడవ మీద అదే రంగు చీర కట్టుకుని ఆర్యపల్లి ఆవిడ కూర్చుని ఉంది. రెండు చీరలూ కొన్నది నేనే. పడవ పక్కన రంభ నుంచి వచ్చిన ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు.

"ఈవిడెవరన్నయ్యా?"

"ఇవాళ ఇంకో టెస్టు కూడా ఉంది."

"దేనికి?"

నేను సముద్రం వైపు చూశాను.  ఆమె తన చేతిలోని ఖాళీ గంపనే చూస్తూ నిలబడింది.

మొదట ఆర్యపల్లి ఆవిణ్ణి నిలబెట్టారు. నడుం మీద చెయ్యేసి నిలబడేసరికి పుస్తకంలో బొమ్మ లేచి వచ్చినట్టే ఉంది. రంభ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అప్పే" అంది మెల్లగా. నా గుండె కుదుటపడింది.

కెమెరా తిరిగింది. ఎదురుగా చేపల దళారి వేషంలో మా ఊరి బ్యాంకు గుమస్తా ఒకతను. నాటకాల పిచ్చి ఉన్న మనిషి, జీవితంలో చీమకి హాని చెయ్యనివాడు. తిట్టమ్మా అన్నారు. ఆవిడ అతన్ని పైనుంచి కిందకి చూసింది.

"ఈ బాబు నాకేటి సేసినాడు?"

"ఏం చెయ్యలేదు, ఊరికే. చేసినట్టు అనుకుని తిట్టాలి."

"ఎవరి బాబో ఏటో, ఏటీ సెయ్యనోణ్ణి తిడితే పాపం తగల్దేటి?"

"నిజంగా కాదమ్మా, నటన" అన్నాను నేను.

"నటనైనా ఇనీది ఆ బాబే గదా."

దర్శకుడు బతిమాలాడు. నేను బతిమాలాను. చివరికి గుమస్తా కూడా, పర్వాలేదు తిట్టమ్మా అని బతిమాలాడు. అతను బతిమాలేకొద్దీ ఆవిడకి అతని మీద జాలి ఎక్కువైంది. "ఎండలో నిలబడిపోనావు, భోంచేసినావా నాయనా?" అని అడిగింది. అడిగి, పరిష్కారం కూడా తనే చెప్పింది. "మా ఊళ్ళో నిజం దళారి ఉన్నాడు. ఆణ్ణి పిలండి. సందేల దాకా తిడతాను, ఎంత కావాలంటే అంత తీసుకోండి."

ఆ మాటకి అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నటి వంతు వచ్చింది. జీపెక్కి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోతే ఒక్క మాట అనే హక్కు మాకెవరికీ లేదు. ఆమె కెమెరా దగ్గరికీ రాలేదు, జీపు దగ్గరికీ పోలేదు. పడవ మీద ఆర్యపల్లి ఆవిడ పక్కన కూర్చుని, "అప్పా, నా నడక సూసి తప్పులు సెప్పు" అంది. లేచి పది అడుగులు నడిచి చూపించింది.

"ముందా నడుం గుడ్డలిప్పీసీయమ్మా" అంది ఆవిడ. "బరువు ఒంట్లో కాదు, గంపలో ఉండాల. కాలీ గంపతో నడుస్తన్నావని సంటిపిల్లకైనా తెలిసిపోద్ది."

నటి పడవ చాటుకి వెళ్ళి చుట్టుకున్న చీరలన్నీ విప్పేసింది. ఆవిడ లేచి, తన తలకి చుట్టుకున్న గుడ్డే చుట్టకుదురు చేసి ఆమె నెత్తిన పెట్టి, తడి కవళ్ళ చేపలతో నిండిన గంప ఎత్తి దాని మీద కూర్చోబెట్టింది. రాణిగారి వెన్ను ఒక్కసారి కలుక్కుమంది. హంస మెడ ఎటు పోయిందో పోయింది, తల భుజాల మీద దిగినట్టయింది. చేపనీళ్ళు చెంపల మీదుగా కారుతున్నాయి. "పక్కకి సూడాలంటే మెడ తిప్పకు, మనిసే తిరగాల" అని ఆవిడ వెనకనుంచి చెబుతూనే ఉంది. ఆమె అలాగే, మొత్తం మనిషి తిరిగి, గుమస్తాకి ఎదురుగా నిలబడి, నడుం మీద చెయ్యేసింది.

ఆ తర్వాత జరిగింది తిట్టడం అనను. చినుకు చినుకుగా మొదలుపెట్టి వానై కొట్టింది. ఆమె గొంతులో ఆ పూట కొంత నిజం కూడా ఉంది. ఆ నిజంలో నా వాటా ఎంతో నాకు తెలుసు. నెత్తళ్ళు తిరగేస్తున్న ఆడవాళ్ళు పని ఆపి తలెత్తారు. ఇది షూటింగని వాళ్ళలో ఒక ముసలావిడకి ఎవరూ చెప్పలేదు. విసవిసా వచ్చి నటి పక్కన నిలబడి, "అలగే అడుగు సెల్లీ, మొన్న మాకూ అలగే సేసినాడీడు" అని గుమస్తా మీద చెయ్యి చాపింది. గుమస్తా వెనక్కి అడుగులు వేసి వేసి, ఆరబోసిన నెత్తళ్ళలో కూలబడ్డాడు. దర్శకుడు కెమెరా ఆపమని అనలేదు. ఆ సీను సీరియల్‌లో అలాగే ఉంది.

గంప దించాక అందరం రంభ ఆవిడ వైపు చూశాం. తీర్పు చెప్పమని ఎవరూ అడగలేదు, అయినా ఆవిడే చెప్పాలన్నట్టు నిలబడ్డాం. 

"మొకం అప్పది కాదు" అంది చివరికి. "తిట్టు అప్పదే."

"మరి?"

"మరేటి. మొకానికి మెల్లగా అలవాటు పడతాం. తిట్టు మారితే అలవాటు పడలేం గదా." అని, పడవ వైపు చెయ్యి చూపించి, "అలగని ఆవిణ్ణి ఇంటికి పంపీసినారంటే మాత్రం ఊరుకోను. అప్ప పక్కన ఆవిడుండాల. సన్నటమ్మ ఒక్కర్తే ఉంటే నాను సూడను" అంది.

దర్శకుడు హఉ అన్నాడు. రెండోమాట లేకుండా ఒక్క హఉ మాత్రమే అన్నాడు.

అలా ఆర్యపల్లి ఆవిడ సేపలప్పకి తోటి చేపలమ్మి అయింది. ఎవర్నీ తిట్టనక్కర్లేదు. అప్ప తిడుతున్నంతసేపూ పక్కన కూర్చుని, తిట్లు తినేవాణ్ణి జాలిగా చూస్తే చాలు. ఆ చూపుకి వచ్చినన్ని కార్డులు అప్పకి కూడా రాలేదు.

తిరుగు ప్రయాణంలో నటి జీపులో ముందు కూర్చుంది, నేను వెనక. జీపు ఛత్రపురం దాటింది. తర్వాత, వెనక్కి తిరక్కుండానే అంది.

"నన్ను తీసేస్తన్నారని ముందే సెప్పుంటే ఇంట్లోనే ఏడ్సుకుని ఒచ్చీదాన్ని అన్నయ్యా. అంతమంది ముందు ఏడవకుండా నిలబడ్డాను సూడండి, ఇవాళ నేను సేసిన నటన అదీ. దానికి మీరు టెస్టు పెట్టలేదు."

"తప్పయిపోయిందమ్మా. క్షమించు" అన్నాను.

అచ్చం దర్శకుడి గొంతుతో, "హఉ, దెఖిబా" అంది. డ్రైవరు నవ్వు ఆపుకోలేక జీపు పక్కకి తీసి ఆపాడు. ఆ 'చూద్దాం' మూడో భాగం షూటింగు అయ్యేదాకా నడిచింది. ఆ తర్వాతే నాతో మామూలుగా మాట్లాడింది.

ఈ పనిలోకి వచ్చే చిన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఎంతోమందికి వేషం లేదని చెప్పాల్సి వచ్చింది. అందరికంటే ముందు వాళ్ళకే, వాళ్ళ ఇంటికి వెళ్ళి చెప్పేవాణ్ణి. తిట్లు తినేవాణ్ణి. కానీ ఎవరి ముందూ మళ్ళీ సముద్రం వైపు చూడాల్సిన పని పడలేదు.

సీరియల్ బాగా ఆడింది. వీధికొక టీవీ ఉన్న రోజులవి, ఉన్న ఇంటి అరుగు మీద జాగా కోసం ముందే చాపలు వేసుకునేవారు. మెడ గురించి రాసిన ఇచ్ఛాపురం ఆయన, "అప్ప మెడ మీద నేను రాసినది వెనక్కి తీసుకుంటున్నాను" అని ఇంకో కార్డు రాశాడు. కొన్ని నెలలు హాయిగా గడిచాయి. ఆ తర్వాత మళ్ళీ కార్డులు మొదలయ్యాయి. ఈసారి సీరియల్ గురించి కాదు, పత్రికలో బొమ్మ గురించి. "అప్పకి ఒంట్లో బాగోలేదా?" "అప్ప నెలనెలా చిక్కిపోతోంది, డాక్టరుకి చూపించండి." పత్రికవాళ్ళు వాటిని నాకు పంపించారు, ఇదంతా మీ వల్లే కాబట్టి మీరే చూసుకోండని.

సంచికలు పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే. గుండ్రం పోయింది, నెమ్మదిగా మెడ మొలుస్తోంది. ఖల్లికోట వెళ్ళి మేష్టారిని అడిగాను. ఆయన తన బొమ్మలు తనే వింతగా చూసుకుని, "నేనేం మార్చలేదండీ. వారం వారం సీరియల్ చూస్తున్నాను కదా, చెయ్యి దానంతటది అలా పోతున్నట్టుంది" అన్నారు.

ఆ వారంలోనే రంభ ఆవిడ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. అప్ప చిక్కిపోవడం ఆవిడా చూసింది. మేష్టారు చెప్పినది చెప్పాను. శ్రద్ధగా విని, సంచీలోంచి కాగితంలో చుట్టిన పెద్ద పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది. చిలికా ఎండురొయ్యలు. వాసనకి కింద దుకాణంవాళ్ళు పట్టుచీరలు లోపలికి సర్దుకోవడం వినిపించింది.

"ఇవి మేష్టారికా?" అని అడిగాను.

"మేష్టారికెందుకు బావూ? ఆ టీవీలో పాపకియ్యి" అంది. "ఈవిడ తింటేనే గదా, ఆవిడ లావెక్కీది."